పసివాళ్ళు నిలవరు, గదిలో వెలుతురు చాలదు: పిల్లల కోసం కెమెరా ఎంచుకునేటప్పుడు

మా పెద్దమ్మాయి అకీఖా నాటి ఫోటోలు మా వద్ద 140కి పైగా ఉన్నాయి. వాటిలో దాదీ ఒడిలో పాప ఉన్నవి 11. ఆ పదకొండింటిలో ఒక్కటి కూడా ఫ్రేము కట్టించడానికి పనికిరాదు. కొన్నింటిలో పాప ముఖం మసకబారి ఉంది, కొన్నింటిలో దాదీ కళ్ళు మూసుకున్నారు, రెండింటిలో గోడమీది గడియారం మాత్రం అద్దంలా స్పష్టంగా పడింది. ఆ రోజు ఆమె ప్రతి ఫోటో తరువాతా "వచ్చిందా బేటా?" అని అడుగుతూనే ఉన్నారు. కెమెరా వెనుక ఉన్న చిన్న తెరమీద అన్నీ బాగానే ఉన్నట్లు కనిపించాయి గనుక "వచ్చిందమ్మీ" అని మేమూ చెబుతూనే ఉన్నాము. మరుసటి రంజాన్ రాకముందే ఆమె వెళ్ళిపోయారు. ఫోటోలను కంప్యూటరులో పెద్దవిగా చేసి చూసింది ఆ తరువాతనే.

తప్పు కెమెరాది కాదు, ఎంచుకున్న మాది. అది 2014. పాప పుట్టిన వారంలోపే ఆదరాబాదరాగా దుకాణానికి వెళ్ళాము. "20 మెగాపిక్సెళ్ళు భాయ్, ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు దుకాణదారు. అంతకన్నా ఏం కావాలో అడగడానికి మాకు తెలియదు. జేబులో పట్టే ఆ కెమెరాను కొని తెచ్చాము. రెండవ సంతానం కలిగేనాటికి మాత్రం కొంత చదువుకుని, కొంత అనుభవజ్ఞులను అడిగి, మళ్ళీ ఎంచుకున్నాము. ఆ క్రమంలో మాకు తెలిసినదాన్ని ఇక్కడ పంచుకుంటున్నాము. ఫోటోల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదం పాఠకులకు తెలియనిది కాదు. ఆ చర్చలోకి మేము పోవడం లేదు. పిల్లల ఫోటోలు తీసుకునే ఇళ్ళవారి కోసమే ఈ మాటలు.

మొదట మెగాపిక్సెళ్ళ సంగతి తేల్చుకుందాం. ఆల్బమ్‌లో పెట్టే 4×6 అంగుళాల ఫోటోను అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో ముద్రించడానికి 1200×1800 చుక్కలు చాలు. అంటే 22 లక్షల లోపు, రెండు మెగాపిక్సెళ్ళకు కాస్త ఎక్కువ. గోడకు తగిలించే 8×12 అంగుళాల ఫోటోకు కూడా తొమ్మిదిలోపే సరిపోతాయి. నేడు బజారులో దొరికే చాలా కెమెరాలకు ఇంతకు రెట్టింపు ఉంటాయి. కనుక పెట్టెమీద పెద్ద అక్షరాలతో వేసిన ఆ అంకెను చూడకుండా వదిలేసినా నష్టం లేదు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. అన్నింటికన్నా ముందు వెలుతురు. మన ఇళ్ళలో పిల్లల ఫోటోలు తీసే సమయం చాలావరకు మగ్రిబ్ తరువాతే. పనులనుండి అందరూ ఇల్లు చేరేది అప్పుడు, దాదా దాదీలు, నానా నానీలు వచ్చి కూర్చునేది అప్పుడు. గదిలో ఉండేది ఒక ట్యూబులైటు. మన కంటికి అది పట్టపగలులా తోస్తుంది గాని కెమెరాకు అది దాదాపు చీకటి. వెలుతురు చాలనప్పుడు కెమెరా తన షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. పెద్దవాళ్ళయితే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు, పసివాళ్ళు కూర్చుంటారా? ఒక చిన్న లెక్క చూడండి. పాప చేయి సెకనుకు ఒక మీటరు వేగంతో ఊగుతున్నదనుకుందాం. సెకనులో 30వ వంతు సేపు షట్టరు తెరిచి ఉంటే ఆలోపు ఆ చేయి మూడు సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. ఫోటోలో చేతికి బదులు పొగ కనిపిస్తుంది. 250వ వంతు అయితే జరిగేది నాలుగు మిల్లీమీటర్లే. పరుగెత్తే పిల్లలకు 500వ వంతు కావాలి.

అంత తక్కువ వ్యవధిలో చాలినంత వెలుతురు లోనికి రావాలంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి, వెలుతురును పట్టే ఫలకం, అంటే సెన్సర్, పెద్దదై ఉండాలి. జేబు కెమెరాలలో సాధారణంగా వాడే సెన్సర్ సుమారు 6.2×4.6 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. డీఎస్ఎల్ఆర్‌లలోను, వాటి స్థానాన్ని ఆక్రమిస్తున్న మిర్రర్‌లెస్ కెమెరాలలోను ఎక్కువగా ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు. వైశాల్యంలో ఇది దానికి దాదాపు 13 రెట్లు. వాన కురిసేటప్పుడు గ్లాసు పెట్టడానికీ బేసిన్ పెట్టడానికీ ఉన్న తేడా ఇదే. ఈ రెండింటి నడుమ ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది ఉన్నది. నిజానికి దాని కొలత 13.2×8.8 మిల్లీమీటర్లే, పేరులో మాత్రమే అంగుళం. బ్యాగులో బరువు వద్దనుకునే తల్లులకు ఈ నడిమి తరగతి కెమెరాలు అనుకూలమే గాని ధర మాత్రం తక్కువేమీ కాదు.

రెండవది లెన్సు. లెన్సు మీద ఎఫ్ అనే గుర్తు ప్రక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు ద్వారం అంత విశాలమన్నమాట. కెమెరాతోపాటు ఉచితంగా ఇచ్చినట్లు అనిపించే జూమ్ లెన్సు, దూరపు దృశ్యాన్ని దగ్గరకు లాగినప్పుడు ఎఫ్ 5.6కు కుంచించుకుపోతుంది. విడిగా కొనే జూమ్ లేని ఎఫ్ 1.8 లెన్సు దానికన్నా దాదాపు పదిరెట్లు వెలుతురును లోనికి రానిస్తుంది. అంటే ఒక గదిలో మొదటిదానితో 25వ వంతు సెకను పట్టే ఫోటో, రెండవదానితో 250వ వంతులో వస్తుంది. మొదటిది పొగ, రెండవది పాప నవ్వు. ఇంత తేడా తెచ్చే ఈ లెన్సులలో చౌకైనవి పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. పెద్ద కెమెరా కొనే స్తోమత లేనివారు పాతదైనా మామూలు కెమెరా తీసుకుని, మిగిలిన డబ్బు ఇటువంటి లెన్సుకు పెట్టడమే మేలని మా దృఢాభిప్రాయం.

ఇక్కడ మేము చేసిన మరొక పొరపాటు చెప్పాలి. అందరూ మెచ్చుకుంటున్నారని 50 మిల్లీమీటర్ల లెన్సు కొన్నాము. లెన్సు మంచిదే. కాని ఏపీఎస్-సీ కెమెరాకు తగిలిస్తే అది 75, 80 మిల్లీమీటర్ల లెన్సులా దగ్గరగా చూపుతుంది. మాది పదడుగులు పన్నెండడుగుల గది. పాపను నిలువునా చూపించాలంటే గోడకు వీపు ఆనించి, అదీ చాలక గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళవలసి వచ్చేది. మైదానంలోనో, మేడమీదనో అది అద్భుతం. ఇరుకు గదులకు 35 మిల్లీమీటర్లు, లేదా 24 మిల్లీమీటర్లు ఉన్నవి సరిపోతాయి. దుకాణంలోనే లెన్సు తగిలించి, మీ గది ఎంత ఉంటుందో అంత దూరంలో ఎవరినైనా నిలబెట్టి చూసుకోండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నికాన్ డీ3000, డీ5000 వరుసల పాత కెమెరాలు కొనేవారికి ఒక హెచ్చరిక. వాటి లోపల ఫోకస్ మోటారు ఉండదు. మోటారు లేని పాత తరహా లెన్సు చౌకగా వచ్చిందని తగిలిస్తే, చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేయవలసిందే. పాకే బిడ్డను అలా పట్టుకోవడం ఎవరి తరం?

ఫోకస్ మాట వచ్చింది గనుక, పిల్లలకోసం కెమెరా కొనేవారు దీనిని వెలుతురు తరువాత రెండవదిగా ఎంచాలి. 2018 నాటి కెనాన్ 1500డీ వంటి డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండరు గుండా చూసినప్పుడు తొమ్మిది బిందువుల వద్ద మాత్రమే ఫోకస్ కుదురుతుంది. పిల్లవాడు ఆ బిందువులనుండి తొలగితే ఫోకస్ వెనకనున్న గోడమీదికి పోతుంది. మా అకీఖా ఫోటోలలో గడియారం స్పష్టంగా పడడానికి కారణం ఇటువంటిదే. 2023లో వచ్చిన కెనాన్ ఆర్50 వంటి మిర్రర్‌లెస్ కెమెరాలు మనిషి కంటిని తామే గుర్తించి, అది ఎటు కదిలితే అటు వెంటాడుతాయి. కొత్తది కొనగలిగినవారికి నేడు మేము చెప్పేది మిర్రర్‌లెస్ తీసుకోమనే. జేబు కెమెరాలు ఇప్పటికే ఉన్నవారు మీట సగం నొక్కి, ఫోకస్ కుదిరాక అలాగే పట్టుకుని, నవ్వు వచ్చిన క్షణాన పూర్తిగా నొక్కితే ఆలస్యం చాలావరకు తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి 2014లో తెలిసి ఉంటే మాకు ఎంతో మేలు జరిగేది.

"చేతిలో ఫోను ఉండగా ఇదంతా ఎందుకు?" అని అడిగేవారున్నారు. సహేతుకమైన ప్రశ్నే. పగటి వెలుతురులో, ఆరుబయట, మంచి ఫోను తీసిన ఫోటోకు వంకపెట్టలేము. ఎప్పుడూ జేబులోనే ఉండడం దాని పెద్ద గుణం. కాని రాత్రివేళ ఫోను చేసే పని వేరు. అది వరుసగా ఎన్నో ఫోటోలు తీసి, వాటిని కలిపి ఒకటిగా చూపుతుంది. కదలని వస్తువులకు ఈ ఉపాయం చక్కగా పారుతుంది, కదిలే పసివాడి ముఖం మాత్రం మైనపు బొమ్మలా తయారవుతుంది. ఇల్లు వెలుతురుగా ఉండి, ఖర్చు భారమనిపిస్తే కెమెరా కొనకండి. పిల్లవాణ్ణి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఫోనుతోనే తీయండి. అప్పు చేసి కెమెరా కొనవలసిన అగత్యం ఎవరికీ లేదు.

కెమెరా అనే మాటను గురించి ఒక చిన్న ముచ్చట. ఇది అరబీ నుండి వచ్చిందని మనవారిలో కొందరు చెబుతుంటారు. అది సరికాదు. లాటిన్‌లో కెమెరా అంటే గది. మన ఇళ్ళలో ఉర్దూలో గదిని కమ్రా అంటాము కదా, ఆ మాట పోర్చుగీసువారి ద్వారా వచ్చిన దాని తోబుట్టువే. అయితే సన్నని రంధ్రం గుండా వెలుతురు చీకటిగదిలోకి వచ్చి, గ్రహణ సమయపు సూర్యుని ఆకారాన్ని ఎలా చూపుతుందో వెయ్యేళ్ళ కిందట శాస్త్రీయంగా పరిశీలించి రాసినది బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్. అందుకు మనం గర్వించవచ్చు, దానికి తప్పుడు వ్యుత్పత్తి అవసరం లేదు.

మేము రెండవసారి తీసుకున్నది కొత్తది కాదు. 2019లో సౌదీకి ఉద్యోగానికి వెళ్తున్న బంధువు ఒకరు తన కెనాన్ 200డీని అమ్మజూపితే తీసుకున్నాము. దాని తెర పక్కకు విప్పుకుని తిరుగుతుంది. కెమెరాను నేలమీద పెట్టి, పాకే బిడ్డ కళ్ళ ఎత్తునుండి తీయడానికి ఇది ఎంతో అనుకూలం. పైనుండి తీసిన ఫోటోలలో పిల్లల నడినెత్తి తప్ప ఏమీ కనిపించదు! పాతది కొనేవారు షట్టరు ఎన్నిసార్లు పడిందో అడిగి తెలుసుకోవాలి. ఇటువంటి ప్రారంభ స్థాయి కెమెరాలకు లక్ష వరకు ఫరవాలేదంటారు. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల సాలెగూడు వంటి బూజు ఉందేమో చూడాలి. నెల్లూరు, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రతీర పట్టణాలలో ఈ బూజు బెడద ఎక్కువ. కొన్న తరువాత కూడా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే పాతవి, కొత్తవి పక్కపక్కనే చూసుకోవచ్చు. దుబాయినుండి తెప్పించుకునేవారు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

పాత చోకు ఉన్న ట్యూబులైటు క్రింద షట్టరు వేగం పెంచితే ఒక ఫోటో తెల్లగా, మరొకటి పసుపుగా, ఇంకొకటి మసకగా రావచ్చు. అది కెమెరా చెడిపోయినట్లు కాదు. ఆ దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వరుసగా నాలుగైదు తీస్తే ఒకటి చక్కగా వస్తుంది.

ఇంట్లో తీసిన ఫోటోలలో పర్దాలో ఉండే స్త్రీలు కూడా ఉంటారు. ప్రింటు కోసం మెమొరీ కార్డును స్టూడియోలో ఇచ్చి, సాయంత్రం వస్తామని చెప్పి వచ్చేయడం చాలామందికి అలవాటు. ఆ కార్డులో ఉన్నవన్నీ అక్కడి కంప్యూటరులోకి వెళ్ళవచ్చు. ముద్రించవలసినవాటిని మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇవ్వండి. కార్డునే నమ్ముకుని సంవత్సరాల తరబడి ఉంచకండి, రెండుచోట్ల నకలు పెట్టండి. నానా నానీలకు వాట్సప్‌లో పంపేటప్పుడు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. ఫోనుతో తీసేవారు కెమెరా సెట్టింగులలో లొకేషన్ ఆపివేయాలి. పిల్లవాడి ఫోటోతోపాటు ఇంటి జాడ కూడా లోకానికి చేరవేయనక్కరలేదు.

అకీఖా నాటి ఆ 11 ఫోటోలలో కాస్త మేలైనదాన్ని నిరుడు ఈద్‌కు ముందు 4×6 సైజులో ప్రింటు తీయించాము. అంత చిన్న సైజులో కదలిక చాలావరకు అణగిపోయింది. దాదీ ముఖం పోల్చుకోవచ్చు, కళ్ళు తెరిచే ఉన్నారు. పాప కుడిచేయి మాత్రం మసకగానే ఉంది.