తలుపు తట్టని మిషనరీలు

మోర్మన్ మిషనరీలు అనగానే చాలామందికి కళ్లముందు మెదిలేది ఒకటే బొమ్మ: తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుబిళ్ల, సైకిళ్ల మీద ఇంటింటికీ తిరిగే ఇద్దరు కుర్రాళ్లు. అదే నల్లబిళ్ల పెట్టుకుని, అరవై దాటిన భార్యాభర్తలు కూడా దేశదేశాల్లో పనిచేస్తున్నారని తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లు కూడా కుర్రాళ్లు చేసే పనే వీళ్లూ కాస్త నెమ్మదిగా చేస్తారనుకుంటారు.

ఈ చర్చి అసలు పేరు ది చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్-డే సెయింట్స్. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. ప్రపంచమంతా కలిపి సభ్యులు 1 కోటి 70 లక్షల పైచిలుకు. తమను పూర్తిపేరుతోనే పిలవమని 2018లో అప్పటి అధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ కోరాడు. మన పాఠకులకు పాత పేరే పరిచయం కాబట్టి ఇక్కడ అదే వాడుతున్నాను.

వాళ్ల మత సిద్ధాంతం మీద తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. మనవలతో హాయిగా గడపాల్సిన వయసులో సొంత ఇల్లు వదిలి, సొంత డబ్బు పెట్టుకుని, ఊరుకాని ఊళ్లో ఏడాదో ఏడాదిన్నరో ఉండే ఈ పెద్దవాళ్లు పొద్దున లేచింది మొదలు ఏం చేస్తారో తెలుసుకోకుండా వాళ్లను ఒక మూస మాటలో కొట్టిపారేయడం మాత్రం న్యాయం కాదు.

అపోహ: వయసు మళ్లినా ఇంటింటికీ తిరిగి తలుపులు తడుతూ ప్రచారం చేస్తారు

యువ మిషనరీల రోజు గట్టి కట్టుబాట్లతో నడుస్తుంది. సాధారణంగా ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి, జతగాణ్ని విడిచి ఎక్కడికీ వెళ్లకూడదు. దంపతులకు ఆ గంటల లెక్క లేదు. ఇల్లిల్లూ తిరగమని వాళ్లను ఎవరూ అడగరు. వాళ్లకు జత, జీవిత భాగస్వామే.

మరి ఏం చేస్తారు? అందరికంటే ముందు చెప్పుకోవలసింది మిషన్ ఆఫీసులో పనిచేసే దంపతుల గురించి. చర్చి ప్రపంచాన్ని 400కు పైగా మిషన్లుగా విభజించుకుంది. ఒక్కో మిషన్‌ను మూడేళ్లపాటు ఒక అధ్యక్షుడు, ఆయన భార్య నడుపుతారు. వాళ్ల చేతికింద చాలాచోట్ల వందమందికి పైగా యువతీయువకులు ఉంటారు. వాళ్లలో చాలామంది 18, 19 ఏళ్లకు మొదటిసారి ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. ఇంతమందికి ఇళ్లు వెతకాలి, అద్దె ఒప్పందాలు రాసుకోవాలి, నెలనెలా అద్దె, కరెంటు బిల్లు కట్టాలి, వీసా కాగితాలు పొడిగించాలి, కార్ల సర్వీసింగు చూడాలి, ఇంటి నుంచి వచ్చిన పార్సిళ్లు చేరవేయాలి. పెద్దాయన పద్దుల పుస్తకం ముందు కూర్చుంటే పెద్దావిడ ఫోను పట్టుకుంటుంది. అటూ ఇటూ కూడా కావచ్చు. బ్యాంకులో, బడిలో, ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసిన ఉద్యోగం ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది, జీతం లేకుండా.

ఇంచుమించు ఆరు వారాలకొకసారి బదిలీల రోజు వస్తుంది. మిషన్ ముగించినవాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు దిగుతారు, ఉన్నవాళ్లు ఊళ్లు మారతారు. ఆ వారమంతా ఆఫీసు దంపతులకు ఊపిరి సలపదు. విమానాశ్రయానికి వెళ్లి కొత్తవాళ్లను తీసుకురావడం, అందరికీ భోజనాలు చూడటం, ఎవరి సూట్‌కేసు ఏ ఊరికి వెళ్లాలో కాగితం మీద రాసుకోవడం, తప్పిపోయిన సూట్‌కేసు కోసం విమాన కంపెనీతో మాట్లాడటం, అన్నీ వాళ్ల పనులే.

ఇంకో పని ఇళ్ల తనిఖీ. ఇద్దరేసి, నలుగురేసి కుర్రాళ్లు అద్దెకుండే ఫ్లాట్‌కి ఈ దంపతులు వెళ్తారు. ఫ్రిజ్ తలుపు తీస్తే అట్టడుగున ఏనాటిదో తెలియని కూర గిన్నె. సింకులో గిన్నెలు, బాత్రూం మూలల్లో బూజు, మంచం కింద దుమ్ము. పొగ వస్తే మోగే అలారంలో బ్యాటరీ ఉందా, కిటికీ గడియ పడుతోందా, పరుపు ఇంకో ఏడాది ఆగుతుందా అని చూసి రాసుకుంటారు. చాలామంది వట్టి చేతులతో వెళ్లరు. ఇంట్లో చేసిన బిస్కెట్లో, బ్రెడ్డో ఒక డబ్బాలో పెట్టుకెళ్తారు. పెద్దావిడ ఆ డబ్బా మూత తీసేలోపు కుర్రాడు తన జలుబు గురించో, ఇంట్లో అమ్మ గురించో, ఇంక తనవల్ల కాదనిపిస్తున్న సంగతో చెప్పేస్తాడు. ఏ నియమావళిలోనూ రాయని ఈ పనే అన్నింటికన్నా పెద్దదని నా అభిప్రాయం.

కొందరిని ఊళ్లలోని చిన్న సంఘాలకు తోడుగా పంపుతారు. స్థానిక సంఘాల్లో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. ఊళ్లో ఎవరో టైలరో, టీచరో తన ఉద్యోగం చేసుకుంటూనే ఆదివారం సంఘాన్ని నడుపుతాడు. కొత్తగా బాధ్యత మీద పడ్డ అలాంటివాడి పక్కన కూర్చుని హాజరు పట్టీ, ఖర్చుల లెక్క ఎలా రాయాలో చూపించడం, మానేసినవాళ్ల ఇళ్లకు పలకరించడానికి వెళ్లడం, పిల్లలకు పియానో మీద నాలుగు కీర్తనలు నేర్పడం వీళ్ల పని.

అపోహ: ఏ పేరుతో వెళ్లినా అసలు ఉద్దేశం మతమార్పిడే

దీనికి అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. ఇది విశ్వాసంతో చేసే పని. ఆ సంగతి వాళ్లు దాచరు, పేరుబిళ్ల మీదే క్రీస్తు పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. కానీ మతం గురించి నోరు విప్పకూడదన్న షరతుతోనే దంపతులు పనిచేసే చోట్లు ఉన్నాయి.

జెరూసలేంలో స్కోపస్ కొండ మీద ఈ చర్చి నడిపే బ్రిగం యంగ్ యూనివర్సిటీ కేంద్రం ఉంది. 1980లలో దాన్ని కడుతున్నప్పుడు యూదు ఛాందసవాదుల నుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చింది. ఇజ్రాయెల్‌లో మతప్రచారం చేయబోమని చర్చి రాతపూర్వకంగా మాట ఇచ్చాకే కేంద్రం నిలబడింది. అక్కడికి వెళ్లే దంపతులు సందర్శకులకు భవనం చూపిస్తారు, సంగీత కచేరీలకు వచ్చినవాళ్లను ఆహ్వానిస్తారు. మీ మతం ఏమిటని ఎవరైనా అడిగినా చర్చలోకి దిగరు. జోర్డాన్‌లో సహాయ కార్యక్రమాలు చూసే దంపతులదీ అదే పద్ధతి. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు, తాగునీటి పథకాలు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డను బతికించడంలో మంత్రసానులకు, నర్సులకు శిక్షణ: చర్చి సహాయ విభాగం ఏళ్లుగా నడుపుతున్న పనులివి. చాలా దేశాల్లో వాటిని దగ్గరుండి చూసేది ఇలాంటి దంపతులే. స్థానిక ఆసుపత్రితో మాట్లాడటం, సరుకు కస్టమ్స్ నుంచి విడిపించడం, నిజంగా అవసరమైనవాళ్లకు చేరిందో లేదో కళ్లతో చూసి నివేదిక రాయడం ఉంటాయి.

ఇక పాత రికార్డుల పని. వంశవృక్షాలకు ఈ చర్చి ఇచ్చే ప్రాధాన్యం ఇంకే మతంలోనూ ఇంతగా కనిపించదు. యూటా జీనియలాజికల్ సొసైటీ 1894లోనే మొదలైంది. సాల్ట్ లేక్ దగ్గర లిటిల్ కాటన్‌వుడ్ లోయలో గ్రానైట్ కొండను తొలిచి కట్టిన గిడ్డంగిలో లక్షల మైక్రోఫిల్ము చుట్టలు భద్రంగా ఉన్నాయి. ఈ సేకరణకు కొత్త పుటలు చేర్చే చేతుల్లో వయసుమళ్లినవాళ్లవి చాలా ఉంటాయి. ఏదో దేశపు ప్రభుత్వ పత్రాగారంలో ఒక మూల బల్ల, పైన కిందికి చూసే కెమెరా, రెండు దీపాలు. భర్త జనన మరణాల రిజిస్టరు పుట తిప్పి చదును చేస్తాడు, భార్య బొమ్మ తీసి తెర మీద అక్షరం స్పష్టంగా ఉందో లేదో చూస్తుంది. పురుగు తిన్న కాగితం విరగకుండా పుట తిప్పడానికి ఓపిక కావాలి. రోజంతా ఇదే పని, వారమంతా ఇదే పని. మతం మాట ఎత్తాల్సిన సందర్భమే రాదు.

అపోహ: చర్చి డాలర్లిచ్చి పంపుతుంది

మన దగ్గర ఎక్కువగా వినిపించేది ఇదే. నిజం దీనికి తలకిందులు. దంపతులు వెళ్లేది తమ పింఛను మీద, దాచుకున్న సొమ్ము మీద. అమెరికాలో యువ మిషనరీల కుటుంబాలు ఏ దేశానికి పంపినా ఒకే మొత్తం, 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు, ఉమ్మడి నిధికి కడతాయి. దంపతులకు ఆ సర్దుబాటు లేదు. తాము ఉండే ఊళ్లో అద్దె, తిండి, ప్రయాణం ఎంతైతే అంత భరించుకోవాలి. విదేశాల్లో పెద్ద నగరాల అద్దెలు చూసి చాలామంది వెనక్కి తగ్గుతుండటంతో 2011లో చర్చి అద్దె భారానికి నెలకు 1,400 డాలర్ల దగ్గర హద్దు పెట్టింది. ఆ పైన అయ్యేది చర్చి ఇస్తుంది.

పైగా మోర్మన్లు తమ ఆదాయంలో పదోవంతు చర్చికి ఇస్తారు. ఆ కానుక ఇచ్చినవాళ్లే మళ్లీ తమ ఖర్చుతో పనికి వెళ్తున్నారు.

ఈ ఏర్పాటులో నాకు కనిపించే లోటు కూడా ఒకటి చెప్పాలి. సొంత ఖర్చు అన్నప్పుడు కాస్తో కూస్తో ఉన్నవాళ్లే వెళ్లగలరు. పింఛను లేని దేశాల్లోని పేద సభ్యులకు పరదేశ మిషన్ అందని విషయమే. వాళ్ల కోసం, ఆరోగ్యం అంతగా సహకరించనివాళ్ల కోసం ఇంట్లో ఉంటూనే వారానికి కొన్ని గంటలు చేసే సేవా మిషన్లు ఉన్నాయి గానీ, పరాయి దేశంలో కాపురం పెట్టి చేసే మిషన్‌కు అది సాటి రాదు.

అపోహ: ఇది వానప్రస్థం, పిల్లలతో సంబంధం తెంచుకోవాల్సిందే

వానప్రస్థంలో సంసార బాధ్యతలు వదిలి అడవికి వెళ్తారు. వీళ్లు ఒక ఇల్లు తాళం వేసి మరో వందమంది పిల్లల బాధ్యత నెత్తికెత్తుకుంటారు. ఇంటికి ఫోన్ చేయడానికి వీళ్లకు అడ్డు లేదు. ఇంటితో మాట్లాడటంలో కట్టుబాట్లన్నీ యువతకే. వాళ్లకు కూడా వారానికోసారి ఇంటికి ఫోన్, వీడియో కాల్ చేసే అనుమతి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. మిషన్ కాలం 6 నెలల నుంచి 23 నెలల వరకు ఉంటుంది, ఎంత కాలమో ముందే ఎంచుకోవచ్చు. ఎలాంటి పని, ఎలాంటి చోటు ఇష్టమో చెప్పుకోవచ్చు. చివరి పిలుపు మాత్రం చర్చి అధ్యక్షుడి సంతకంతో వస్తుంది.

అయినా వేదన లేదనుకోవద్దు. వీళ్లు దూరాన ఉన్నప్పుడే మనవరాలు పుడుతుంది, తల్లి మంచాన పడుతుంది, కొడుకు ఉద్యోగం పోతుంది. చర్చి నాయకుల్లో ఒకరైన రాబర్ట్ డి. హేల్స్ 2001లో దంపతులు వెనకాడటానికి నాలుగు కారణాలు చెప్పాడు: భయం, కుటుంబం గురించిన దిగులు, తగిన పని దొరుకుతుందో లేదోనన్న సందేహం, డబ్బు. 2023 అక్టోబరులో మరో నాయకుడు రొనాల్డ్ ఎ. రాస్‌బాండ్ దంపతులను మళ్లీ గట్టిగా పిలవాల్సి వచ్చిందంటే ఆ వెనుకంజ ఇంకా ఉన్నట్టే. ఉండటం సహజం. వెళ్లినవాళ్లను మెచ్చుకుంటూ, వెళ్లలేనివాళ్లను తక్కువ చేసే మాట ఏ సంఘంలోనైనా తప్పే.

నలభై ఏళ్లు ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లిన భార్యాభర్తలు ఒకే గదిలో, ఒకే ఆఫీసులో, ఒకే కారులో రోజంతా ఉండాల్సి రావడం కూడా చిన్న పరీక్ష కాదు. వంటిల్లు కొత్తది, మార్కెట్టు కొత్తది, భాష రాదు. భాష రాకపోవడం అనర్హత కాదు. పరభాషా దేశానికి వెళ్లే చాలామంది పెద్దవాళ్లు నాలుగు పలకరింపులు నేర్చుకుని, మిగతాది చిరునవ్వుతో, స్థానికుల సాయంతో నెట్టుకొస్తారు.

అపోహ: రిటైరైనవాళ్ల విహారయాత్ర

ఇల్లినాయ్‌లో మిసిసిపీ ఒడ్డున ఉన్న నావూ పట్టణంలో ఈ మాట ఎక్కువ పుడుతుందేమో. మోర్మన్లు 1846లో వదిలి వెళ్లాల్సి వచ్చిన ఊరది. బాగుచేసిన ఆ పాత ఇళ్లలో, 1840ల నాటి దుస్తులు వేసుకున్న పెద్దవాళ్లు కొలిమి దగ్గర లాడాలు చేసి చూపిస్తారు, బేకరీలో అల్లం బిస్కెట్లు పంచుతారు. చూడ్డానికి వచ్చినవాళ్లకు అది వినోదం. ఆ దుస్తుల్లో కొలిమి పక్కన నిలబడి ఒకే కథ కొత్త గుంపుకి మళ్లీ మొదటి నుంచి చెప్పేవాళ్లకు అది కష్టం.

మరి రెండు మూడు చిన్న అపోహలు. మోర్మన్లకు బహుభార్యత్వం ఉందంటారు. 1890లో అప్పటి అధ్యక్షుడు విల్ఫర్డ్ ఉడ్రఫ్ ప్రకటనతో చర్చి దాన్ని ఆపింది, ఇప్పుడు అలా చేసినవాళ్లను వెలివేస్తుంది. కరెంటు, కార్లు వాడరంటారు. ఆ మాట ఆమిష్ అనే మరో క్రైస్తవ వర్గం గురించి. ఏమీ తాగరంటారు. 1833 నాటి వాళ్ల ఆరోగ్య నియమం ప్రకారం మద్యం, పొగాకు, టీ, కాఫీ ముట్టరు. కాబట్టి అలాంటి దంపతులు మీ ఇంటికొస్తే టీకి బదులు మజ్జిగో, నిమ్మరసమో ఇవ్వండి.

అపోహ: ఇదంతా తెల్లవాళ్ల వ్యవహారం, తెలుగువాళ్లకు సంబంధం లేదు

హైదరాబాదులో ఈ చర్చి వేళ్లూనుకున్నది ఒక తెలుగు జంట వల్లే. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు ఉద్యోగరీత్యా సమోవాలో ఉండగా ఈ చర్చిలో చేరారు. 1978 చివర్లో కొద్దికాలపు మిషన్ మీద వాళ్లను హైదరాబాదు పంపారు. వాళ్లు తలుపులు తట్టిన ఇళ్లు బంధువులవే. ఇరవైమంది వరకు బాప్తిస్మం తీసుకున్నారు, ఒక చిన్న సంఘం మొదలైంది. ఈ చర్చి పవిత్ర గ్రంథాల్లో ఒకటైన మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నది బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ తండ్రి. 1993లో బెంగళూరు కేంద్రంగా భారతదేశానికి విడిగా మిషన్ ఏర్పడింది. దేశంలోనే మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసి తమ నాయకత్వంలో తామే నడుపుకునే పెద్ద విభాగం, 2012 మేలో హైదరాబాదులోనే ఏర్పడింది. దాన్ని నడిపేవాళ్లూ జీతాలు లేని స్థానికులే.