చక్రం తిరుగుతుంది, రైలు కదలదేం?

మన బేతమంగళ పొరుగునున్న కేజీఎఫ్‌కు బంగారుపేట నుంచి 1894లోనే రైలు వచ్చింది. ఇక్కడి పిల్లలకు బొమ్మ రైలు చక్కని సైన్సు పాఠం.

చక్రాలు తిరుగుతున్నా రైలు ఉన్నచోటే జారుతుంటే మోటారు బాగున్నట్టే, పట్టు తప్పినట్టు. చక్రాలకు నూనె రాయకండి, ఇంకా జారుతుంది. మేము తరగతిలో పాటించే వరుస ఇది:

* స్విచ్ ఆపి, పట్టాలనూ చక్రాలనూ పొడిబట్టతో తుడవాలి.
* ఇంజను చక్రానికి రబ్బరు రింగు ఉంటే, అరిగిందేమో చూడాలి.
* పెట్టెలు విప్పి ఇంజనునొక్కదాన్నే నడపాలి. కదిలితే, లాగే బరువు ఎక్కువైనట్టు.
* ఎక్కుడు మీటరుకు 2 సెంటీమీటర్లు దాటకుండా చూడాలి.
* చివరగా ఇంజను మీద చిన్న బరువు పెట్టి చూడాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయించి, ఫలితం నోటుబుక్కులో రాయించండి.

పెద్ద రైళ్లూ తడి పట్టాల మీద జారతాయి. అందుకే ఇంజన్లలో ఇసుక పెట్టెలుంటాయి. చక్రాల ముందు ఇసుక రాల్చి పట్టు తెచ్చుకుంటాయి.

ఈ పట్టుకు మూలం ఘర్షణ. కన్నడంలోనూ అది 'ఘర్షణె'యే. పై తరగతుల్లో మాధ్యమం మారితే బిడ్డ ఏమవుతాడోనని బెంగపడే తల్లిదండ్రులకు మేము చెప్పేదొక్కటే: తెలుగులో చేతులారా తెలుసుకున్న విషయం ఏ భాషలోకైనా వెంట వస్తుంది.