ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంటే ఎన్నికలెందుకు?

ప్రశ్న: సింగపూర్‌లో 1959 నుంచీ ఒకే పార్టీ గెలుస్తోందట. అక్కడ అందరూ ఆ పార్టీకే ఓటేస్తారా? ఎవరు గెలుస్తారో ముందే తెలిసినప్పుడు ఎన్నికలు ఎందుకు?

జవాబు: అందరూ ఆ పార్టీకే వెయ్యరు. 2025 మే 3న జరిగిన ఎన్నికల్లో పీపుల్స్ యాక్షన్ పార్టీకి (అక్కడివాళ్ల నోట పీఏపీ) వచ్చిన ఓట్లు 65.57 శాతం. అంటే ఓటేసిన ప్రతి ముగ్గురిలో ఒకరు వేరేవాళ్లకు వేశారు. సీట్లు మాత్రం 97లో 87 పీఏపీవే. మిగతా పది వర్కర్స్ పార్టీవి.

మూడోవంతు ఓట్లకు పదోవంతు సీట్లేమిటి? మన దగ్గరలాగే అక్కడా నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లదే సీటు. ఓడినవాళ్లకు పడిన ఓట్లు సీట్ల లెక్కలోకి రావు. ప్రతి నియోజకవర్గంలోనూ నూటికి అరవై మంది ఒకవైపు, నలభై మంది మరోవైపు ఉంటే, అరవై వచ్చిన పార్టీకే అన్ని సీట్లూ వెళ్తాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 39 శాతం ఓట్లొచ్చిన వైఎస్సార్సీపీకి 175లో 11 సీట్లే దక్కాయి. అయితే ఐదేళ్ల ముందు అదే పార్టీకి 151 వచ్చాయి. మన దగ్గర గాలి మారుతుంది. సింగపూర్‌లో ఎందుకు మారదు? అసలు చిక్కు అక్కడుంది.

కొంత కారణం జనం తృప్తి. దేశవాసుల్లో ఎక్కువమంది ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లలోనే ఉంటారు. ఆ ఇంటిని తమకు ఇచ్చింది పీఏపీ ప్రభుత్వమేనని పెద్దలు మరిచిపోలేదు. ఏ బ్లాకులో ఏ జాతివారు ఎంత శాతం మించకూడదో 1989 నుంచి నియమం ఉంది. దాంతో అన్ని వర్గాలూ ఊరంతా కలిసిపోయాయి. ఒక వర్గాన్ని నమ్ముకుని ప్రతిపక్షం కంచుకోట కట్టుకునే వీలు లేదు.

కొంత కారణం భయం. 1963లో వామపక్ష నాయకులతో సహా వందమందికి పైగా విచారణ లేకుండా జైలుపాలయ్యారు. 1968 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది. 58 సీట్లలో 51 పోటీ లేకుండానే పీఏపీకి పోయాయి. 1981 ఉపఎన్నికలో ప్రతిపక్షం నుంచి జె.బి.జయరత్నం గెలిచేదాకా పార్లమెంటులో పీఏపీవాళ్లే.

అన్నిటికంటే పెద్ద అడ్డు జీఆర్‌సీ (బృంద నియోజకవర్గం). 1988లో వచ్చింది. ఇప్పుడు ఇందులో నలుగురో ఐదుగురో జట్టుగా నిలబడాలి. ఓటరు వేసే ఒక్క ఓటు జట్టు మొత్తానికి పడుతుంది. జట్టులో ఒకరైనా మలయ్, భారతీయ లేదా మరో మైనారిటీ వర్గం వారై ఉండాలి. ఆ వర్గాలకు పార్లమెంటులో చోటు ఉండాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. మంచి కారణమే. కానీ గట్టి అభ్యర్థి ఒక్కరు దొరకడమే కష్టమైన చిన్న పార్టీ ఐదుగురిని ఎక్కణ్నుంచి తెస్తుంది? పైగా మనిషికి 13,500 సింగపూర్ డాలర్ల డిపాజిట్ కట్టాలి. ఎనిమిదో వంతు ఓట్లు రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. 2025లో మరీన్ పరేడ్-బ్రాడెల్ హైట్స్ జీఆర్‌సీలో పీఏపీకి పోటీగా ఎవరూ నిలబడలేదు. నామినేషన్ల రోజే ఐదు సీట్లూ ఏకగ్రీవం. లక్షమందికి పైగా ఓటర్లకు ఓటేసే పనే లేకపోయింది.

ఓట్ల లెక్కింపులో మోసం ఉందని నేననుకోను. తేడా అంతా పోలింగ్‌కు ముందే వస్తుంది. ఎన్నికలు నడిపే విభాగం ప్రధాని కార్యాలయం కింద ఉంటుంది. నియోజకవర్గాల హద్దులు గీసే కమిటీని నియమించేదీ ప్రధానే. మనకున్నటువంటి స్వతంత్ర ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఇది సరికాదు.

మరి ఎన్నికలెందుకంటారా? 2011 చూడండి. ఇళ్ల ధరలు, కిక్కిరిసిన రైళ్లు, పెరిగిపోతున్న విదేశీ కార్మికుల మీద జనానికి కోపం వచ్చింది. పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు ప్రధాని లీ సియెన్ లూంగ్ ప్రచార సభలోనే క్షమాపణ చెప్పారు. అయినా పీఏపీ ఓట్లు 60.14 శాతానికి దిగాయి. అల్జునీడ్ జీఆర్‌సీలో విదేశాంగమంత్రి ఉన్న జట్టే ఓడిపోయింది. ప్రతిపక్షం ఒక జీఆర్‌సీని గెలవడం అదే మొదలు. పీఏపీకి వచ్చిన సీట్లు 87లో 81. అంటే అధికారం పోలేదు. కానీ వారం తిరక్కుండానే దేశ తొలి ప్రధాని లీ క్వాన్ యూ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. ప్రభుత్వం ఫ్లాట్ల నిర్మాణం పెంచింది, విదేశీ కార్మికుల రాకను బిగించింది, మంత్రుల జీతాలు తగ్గించింది. ఆ తర్వాత 2015లో పీఏపీకి 69.86 శాతం వచ్చింది.

అందుకే సింగపూర్ ఫలితాలు వచ్చిన రోజు ఎవరు గెలిచారని వెతక్కండి, ఎంత శాతంతో గెలిచారో చూడండి.