సీల్ తీయలేదు సరే.. మరి అది కొత్తదేనా? ఆన్‌లైన్‌లో కొనేముందు ఇవి చూసుకోండి!

పెళ్లికి గిఫ్టుగా వచ్చిన మిక్సీ. డబ్బా కూడా విప్పలేదు. ఏడాది తర్వాత 'బ్రాండ్ న్యూ' అంటూ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేస్తారు. వాడలేదు కాబట్టి కొత్తదే కదా అనుకుంటారు. అసలు చిక్కంతా ఇక్కడే!

వారంటీ సాధారణంగా మొదటి బిల్లు తేదీ నుంచే లెక్క. నెల్లూరు జిల్లా మైపాడులో ఎవరైనా దాన్ని కొత్తదనుకుని కొంటే, చేతికొచ్చేసరికే ఏడాది వారంటీ అయిపోయి ఉంటుంది. అందుకే సీల్ చూసి మురిసిపోవద్దు, ఒరిజినల్ బిల్లు అడగండి. ఫోన్ అయితే ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, డబ్బాపై ఉన్న 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ను 14422కు మెసేజ్ చేయండి. బ్లాక్ అయిన ఫోనైతే తెలిసిపోతుంది.

మరి మోసపోతే? ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెప్పేది ఇదే. అయితే ఇవి వ్యాపారంగా అమ్మేవాళ్లకే వర్తిస్తాయి. ఇంట్లో ఉన్న ఒక్క వస్తువు అమ్ముకునే వ్యక్తికి కాదు. అలాంటివాళ్లు కావాలనే మోసం చేస్తే బీఎన్‌ఎస్ సెక్షన్ 318 కింద పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు.

వ్యాపారి మోసం చేస్తే ముందు 1915కు కాల్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. విక్రేత ఢిల్లీలో ఉన్నా మైపాడు వాళ్లు నెల్లూరులోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. డబ్బు కట్టించుకుని మాయమైతే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అమ్మేవాళ్లకూ ఓ మాట. 'వాడలేదు, బిల్లు ఫలానా తేదీది' అని ఉన్నదున్నట్టు రాయండి. ధర కాస్త తగ్గొచ్చు కానీ, తర్వాత తలనొప్పి ఉండదు.