పాత ట్రాక్టరుకు ఆల్టర్నేటర్: మార్చేముందు ఇవి చూసుకోండి

పాత ట్రాక్టరు కొనుక్కుని, సొంత పొలంతో పాటు కిరాయికీ తిప్పుకునే చిన్న రైతులు చాలామంది ఉన్నారు. తీరా దుక్కులు ముమ్మరంగా సాగే వేళకు సెల్ఫ్ తిరగదు. నలుగురు చేరి తోస్తేగాని బండి కదలదు. రాత్రిపూట ధాన్యం తోలుకొస్తుంటే లైట్లు మినుకుమినుకుమంటాయి. వెనక లైటు వెలగని ట్రైలరును లారీ వచ్చి గుద్దితే ప్రాణాలకే ముప్పు. బ్యాటరీ పోయిందని కొత్తది కొంటే కొన్నాళ్లకు అదీ అంతే. అలాంటప్పుడు లోపం బ్యాటరీలో కాక, దానికి ఛార్జి ఇచ్చే డైనమోలో ఉండొచ్చు.

డైనమోకు, ఆల్టర్నేటర్‌కు తేడా

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు డైనమో దాదాపు ఛార్జి ఇవ్వదు. పాత డైనమోలు కొన్ని 11, మరికొన్ని 22 ఆంపియర్లు ఇస్తాయి, అదీ వేగంగా తిరిగినప్పుడే. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు, నాగలి లైటు ఒకటి వేస్తేనే దాదాపు 14 ఆంపియర్లు కావాలి. తక్కువైనంత బ్యాటరీ నుంచే పోతుంది. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలోనూ ఛార్జి ఇస్తుంది. ట్రాక్టరుకు 35 ఆంపియర్లది సరిపోతుంది.

ముందు ఖర్చులేని పనులు

ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళానికి మించి దిగకూడదు. బ్యాటరీ టెర్మినళ్లను, ఎర్త్ వైరును శుభ్రంగా గీకి బిగించండి. తర్వాత మీటరు పెట్టి చూడండి. పూర్తి ఛార్జి ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. ఇంజను నడుస్తున్నా మీటరు పెరగకపోతే ఛార్జి కావడం లేదన్నమాట. 15 దాటితే బ్యాటరీలో నీరు మరిగి ఆవిరైపోతుంది.

మార్చేటప్పుడు జాగ్రత్తలు

* కొన్ని పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ వైరు ఎర్త్‌కు ఉంటుంది. మామూలు ఆల్టర్నేటర్‌కు నెగెటివే ఎర్త్ కావాలి. వైర్లు తారుమారైతే అందులోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

* రెగ్యులేటర్ లోపలే ఉన్న రకమైతే పాత కటౌట్ డబ్బాతో పని లేదు.

* డైనమోకున్న సన్న వైరునే ఉంచితే వేడెక్కి కాలొచ్చు. బ్యాటరీ దాకా లావు వైరు వేయించండి. డ్యాష్‌బోర్డు మీది ఆమ్మీటరు కొత్త కరెంటుకు తట్టుకుంటుందో లేదో అడగండి.

* పుల్లీలు ఒకే వరసలో లేకపోతే బెల్టు తొందరగా అరిగిపోతుంది.

* ఛార్జింగ్ లైటు బల్బు తప్పక ఉండాలి. చాలా రకాల ఆల్టర్నేటర్లకు మొదటి కరెంటు దాని ద్వారానే అందుతుంది.

మార్చిన తర్వాత

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీయకూడదు. ఛార్జి అవుతోందో లేదో చూడ్డానికి వైరు పీకే అలవాటు డైనమో రోజులది. ఇప్పుడలా చేస్తే డయోడ్లు పోతాయి. ట్రాక్టరుకు వెల్డింగు చేయించేటప్పుడు ముందుగా బ్యాటరీ వైర్లు విప్పించండి. పని చేయించిన రోజే అన్ని లైట్లూ వేసి, మీటరు 13.5కు తగ్గడం లేదని చూసుకున్నాకే మెకానిక్‌కు డబ్బివ్వండి.