చివరి నాలుగు పాళ్ల నీళ్లు

"సార్, ఇప్ప సారా పోస్తే మా బాపు బండి నడుస్తదా?"

స్వేదనం పాఠం మధ్యలో తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. క్లాసంతా గొల్లుమంది. మా చెల్పూరు చుట్టుపక్కల పిల్లలకు స్వేదనం బొమ్మ గీసి చెప్పాల్సిన పని లేదు. కింద మంట, కుండలో పులిసిన ఇప్పపువ్వు, పైన చల్లనీళ్లు, పక్కకు ఒక గొట్టం. చూడలేదని చెప్పేవాళ్లు కూడా చూసే ఉంటారు. నవ్వులు ఆగాక ఆలోచిస్తే ఆ ప్రశ్నలో చాలా సరుకుంది. ఇవాళ బంకులో మన ట్యాంకులోకి దిగే పెట్రోలులో ఐదో వంతు ఇథనాలే. సారాలో మత్తెక్కించేదీ అదే ఇథనాల్. మరి బట్టీలో దిగింది నేరుగా పోస్తే ఎందుకు పనికిరాదు?

పనికిరాదన్న జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. ఎందుకన్నదే నన్ను పట్టుకుంది.

ఇప్పపువ్వు ఎండితే దాని బరువులో సగానికి పైగా చక్కెరే. ఈస్టు ఆ చక్కెరను తిని ఇథనాల్‌ను, బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. బెల్లమైనా, మక్కలైనా, నూకలైనా ఇంతే. గింజలైతే ముందు పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొట్టాలి, అదొక్కటే తేడా. పులిసిన నీళ్లను కాస్తే ఇథనాల్ ముందుగా ఆవిరవుతుంది. అయితే ఒంటరిగా రాదు, నీళ్లను వెంటేసుకుని వస్తుంది. బట్టీలో ఒక్కసారి దించిన సారాలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. ఇంజనులో అది వెలగదు.

సరే, దాన్నే మళ్లీ కాద్దాం. ఇంకోసారి, మరోసారి. ఫ్యాక్టరీలో ఈ పని కోసం ఎత్తైన గోపురం ఉంటుంది. లోపల అంతస్తులుగా పళ్లేలు. ప్రతి పళ్లెం ఒక చిన్న బట్టీ. ఆవిరి పైకెక్కుతూ, ద్రవం కిందికి జారుతూ, పళ్లెం పళ్లేనికీ ఇథనాల్ చిక్కబడుతుంది. 60, 80, 90, 95 దాకా వస్తుంది. బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పళ్లేలు పెంచినా, ఎన్ని రోజులు కాచినా ఒక్క మెట్టు ఎక్కదు. 78.2 డిగ్రీల దగ్గర ఆ మిశ్రమమంతా ఒకే పదార్థంలా మరుగుతుంది. ద్రవంలో ఎంత నీరో, ఆవిరిలోనూ అంతే నీరు. రెండింటి మధ్యా తేడా ఉంటేనే కదా స్వేదనం పనిచేసేది!

ఎందుకిలా? నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇథనాల్ అణువు ఒక కొస నీళ్లతో చేయి కలుపుతుంది, రెండో కొస నూనె లక్షణం గల తోక. ఇథనాల్ గుంపులో చిక్కుకున్న కొద్దిపాటి నీటి అణువుల చుట్టూ ఆ తోకలే. తమవాళ్లతో ఉన్నప్పటి పట్టు వాటికి అక్కడ దొరకదు, ఎగిరిపోవడం తేలికవుతుంది. అందుకే నీళ్లకంటే, స్వచ్ఛమైన ఇథనాల్ కంటే కూడా తక్కువ వేడికే ఆ మిశ్రమం మరుగుతుంది. ప్రకృతి కట్టిన ఈ గోడను మంటతో దాటలేం.

1902లో సిడ్నీ యంగ్ అనే రసాయన శాస్త్రవేత్త పక్కదారి కనిపెట్టాడు. ఆ మిశ్రమంలో బెంజీన్ పోశాడు. నీళ్లు, ఇథనాల్, బెంజీన్ మూడూ కలిసి దాదాపు 65 డిగ్రీలకే ఆవిరై పోతాయి, పోతూ పోతూ నీళ్లను ఎత్తుకుపోతాయి. అడుగున నిర్జల ఇథనాల్ మిగులుతుంది. ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు ఈ పద్ధతితోనే బతికాయి. అయితే బెంజీన్ క్యాన్సర్ కారకం. దాన్ని మళ్లీ మళ్లీ కాచి తిప్పడానికి అయ్యే ఆవిరి ఖర్చు వేరే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. 1949లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ శాస్త్రవేత్త రాబర్ట్ మిల్టన్ ఒక రాయిని తయారుచేశాడు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లిన స్ఫటికం, లోపలంతా గదులు, గదికీ గదికీ మధ్య ఒకే కొలత గుమ్మాలు. దీన్ని జియోలైట్ అంటారు. గుమ్మం దగ్గర సోడియం అయాన్లు కాపలా కూర్చుంటాయి. వాటిలో కొన్నిటిని తీసేసి, వాటికంటే లావైన పొటాషియం అయాన్లను కూర్చోబెడితే గుమ్మం ఇరుకై సుమారు 0.3 నానోమీటర్లకు దిగుతుంది. నీటి అణువు వెడల్పు 0.28. ఇథనాల్ అణువుది 0.44. అంతే, తీర్పు అయిపోయింది! వేడి చేసిన 95 శాతం ఆవిరిని ఈ గుళికలు నింపిన గుండిగ గుండా పంపితే నీళ్లు లోపలి గదుల్లో చిక్కుకుంటాయి, ఇథనాల్ గుమ్మంలో పట్టక గుళికల సందుల్లోంచి దాటిపోతుంది. మన ఇంటి జల్లెడలో సన్నవి కిందికి రాలిపోతాయి, ముతకవి మిగిలిపోతాయి. ఇక్కడ సన్నవే చిక్కుకుంటాయి. బయటికొచ్చేది 99.5 శాతానికి పైగా శుద్ధమైన ఇథనాల్.

గదులు నిండిపోతే? అందుకే గుండిగలు రెండు. ఒకటి నీళ్లు తాగుతుంటే, రెండోదానికి వాక్యూమ్ పెట్టి తాగింది కక్కిస్తారు. కొద్ది నిమిషాలకొకసారి కవాటాలు టపటపా కొట్టుకుని పాత్రలు మారతాయి. నీళ్లు గదుల్లోకి దూరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి గుళికల్లోనే నిలవుండి, ఒత్తిడి తగ్గించగానే అవే నీళ్లను బయటికి తరమడానికి పనికొస్తుంది. పట్టుకున్నప్పుడు పుట్టిన వేడితోనే విడిపించడం! గుండిగను కడగడానికి కొంచెం పొడి ఇథనాల్ ఆవిరినే వాడతారు. నీళ్లతో కలిసి బయటికొచ్చిన ఆ కొంచెమూ తిరిగి గోపురంలోకే వెళ్తుంది. ఇంజను కంటే నాకు ఈ రెండు గుండిగలే గొప్ప యంత్రంగా కనిపిస్తాయి.

నాలుగు పాళ్ల నీళ్ల కోసం ఇంత తంటా ఎందుకని పిల్లలు అడిగారు. నోటితో చెప్తే నమ్మరని ఊళ్లో ఒక మెకానిక్ షాపుకు తీసుకెళ్లాను. "సారూ, బీడీ కాల్చేటోన్ని దూరం పంపుతా ఆగుండ్రి" అన్నాడు మెకానిక్, ముందుజాగ్రత్త తెలిసిన మనిషి. వంద మిల్లీలీటర్ల కొలజాడీలో 90 దాకా బంకు పెట్రోలు, పైన పది మిల్లీలీటర్ల సిరా కలిపిన నీళ్లు. మూత పెట్టి ఊపి నిలబెట్టాం. అడుగున పది ఉండాల్సిన నీలం పొర ఇరవై ఎనిమిది దాకా ఎదిగింది. పెట్రోలు ఆ మేరకు తరిగింది. పెట్రోలును విడిచి ఇథనాలంతా నీళ్లతో వెళ్లిపోయిందన్నమాట. "పెట్రోల్ల నీళ్లే కలిపిండ్రు" అని బంకువాణ్ని తిట్టే జనం ఒకసారి చూడాల్సిన తమాషా ఇది.

ఇథనాల్‌కు నీళ్లంటే అంత ప్రేమ. పెట్రోలు, ఇథనాల్, మరీ కొద్దిగా నీళ్లు ఉంటే ముగ్గురూ సర్దుకుపోతారు. నీళ్లు ఒక హద్దు దాటగానే ఇథనాల్ పెట్రోలుకు విడాకులిచ్చి నీళ్లతో కాపురం పెడుతుంది. ఐదో వంతు లెక్కన ఇరవై లీటర్ల 95 శాతం స్పిరిట్ కలిపామంటే సుమారు లీటరు నీళ్లు దానితోనే వచ్చేశాయి. అప్పటికే హద్దు అంచున ఉన్నాం. చలికి ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. అందుకే కలిపే ఇథనాల్ పూర్తిగా పొడిగా ఉండాలి.

కలపకపోతే? ఇక్కడే కథ అడ్డం తిరుగుతుంది. బ్రెజిల్‌లో 1979లో వచ్చిన ఫియట్ 147 పూర్తిగా ఇథనాల్ మీద నడిచిన కారు. దాని ట్యాంకులో పడింది నీళ్లున్న ఇథనాలే, గోపురంలోంచి నేరుగా వచ్చిందే. ఇప్పటికీ అక్కడి బంకుల్లో ఒక గొట్టంలో ఈ నీళ్ల ఇథనాల్, ఇంకో గొట్టంలో నిర్జల ఇథనాల్ కలిపిన పెట్రోలు. నాలుగైదు పాళ్ల నీళ్లు ఇంజనుకు పెద్ద ఇబ్బందే కాదు. ఇబ్బందంతా పెట్రోలుతో పొత్తు పెట్టుకున్నప్పుడే. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ కారు రెండు గొట్టాలనూ ఏ పాళ్లలో పోసినా నడిచేట్టు వచ్చింది. పొగగొట్టంలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే సెన్సారు అంతకు ముందే కార్లలో ఉంది. దాని కబురును బట్టి ట్యాంకులో ఏముందో లెక్కగట్టే ప్రోగ్రాం రాశారు, అంతే.

అసలు ఇథనాల్‌ను కలపాలన్న బుద్ధి కొత్తదేం కాదు. పెట్రోలు ఇంజనును ఎక్కువ ఒత్తిడికి నొక్కితే అకాలంగా అంటుకుని ఠకఠకలాడుతుంది. ఇథనాల్ ఆ జబ్బుకు మందు. జనరల్ మోటార్స్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ 1921 అక్టోబరులో 30 శాతం ఆల్కహాల్ కలిపిన ఇంధనంతో డేటన్ నుంచి ఇండియానాపొలిస్ దాకా కారు నడిపి చూపించాడు. రెండు నెలలు తిరిగేసరికి అతనికే సీసపు సమ్మేళనం ఒకటి దొరికింది. చిటికెడు చాలు, పైగా పేటెంటు తీసుకోవచ్చు. ఆల్కహాల్ మీద ఎవరికి పేటెంటిస్తారు? సీసం గెలిచింది, పిల్లల రక్తంలోకి ఎక్కింది. మన దేశం 2000లో దాన్ని వదిలించుకుంది. లోకంలో చిట్టచివరి బంకు, అల్జీరియాలో, 2021లో మానేసింది.

తర్వాతి చరిత్ర మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తాను. మన పెట్రోలులో ఇథనాల్ వాటా 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం, 2022 జూన్‌కు 10, 2025కు 20. ఠకఠకలను తట్టుకునే శక్తికి కొలతైన ఆక్టేన్ 91 నుంచి 95కు పెరిగింది. మైలేజీ తగ్గిందంటే అబద్ధమేం కాదు: లీటరు పెట్రోలులో 32 మెగాజౌళ్లుంటే లీటరు ఇథనాల్‌లో 21. ఇథనాల్ బరువులో మూడో వంతు ఆక్సిజన్, అది కాలేది కాదు. ఇరవై పాళ్లు కలిపితే శక్తి నూటికి ఏడు పాళ్లు తగ్గుతుంది. ఇంజనును దానికి తగ్గట్టు దిద్దితే కొంత వెనక్కి వస్తుంది. చెరకు చాలక మక్కల మీద పడ్డాం, 2024కల్లా మక్కలు దిగుమతి చేసుకునే స్థితికొచ్చాం. ఇథనాల్ ఫ్యాక్టరీ వాసన, నీళ్ల భయంతో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ జనం 2024 నవంబరులో రోడ్డెక్కితే పనులు ఆపించారు. వాళ్ల భయాన్ని తేలిగ్గా కొట్టేయలేను. ఆఖరి నాలుగు పాళ్ల నీళ్లను తరమడానికి అంత తెలివి వాడే పరిశ్రమ, పులిసిన నీళ్లలో మిగిలే మడ్డిని ఏం చేస్తారని అడిగితే అంతే వివరంగా చెప్పాలి కదా.

వేరే దారులూ మన దగ్గరే ఉన్నాయి. ఆదిలాబాద్ అడవుల్లో పవర్‌గూడ ఆదివాసీ మహిళలు డీజిల్‌కు బదులుగా వాడగల కానుగ నూనె నమ్ముకుని, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. అది డీజిల్ వైపు దారి. ఇక కరెంటు కారు. మా చెల్పూరులోనే 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, సింగరేణి బొగ్గు కాలుస్తుంది. బొగ్గు శక్తిలో మూడో వంతుకు కాస్త పైన కరెంటవుతుంది, మోటారు అందులో ఎక్కువ భాగాన్ని చక్రానికి అందిస్తుంది. అంతా కలిపి చూస్తే పెట్రోలు ఇంజనుకు దగ్గరగానే వస్తుంది. సోలారు కరెంటుతో ఛార్జింగ్ చేస్తే లెక్క మొత్తం మారిపోతుంది.

మెకానిక్‌కు ఈ లెక్కలతో పని లేదు. వానాకాలం నెలల తరబడి మూలన పడేసిన బండి తెస్తే, ముందు ట్యాంకులోనూ, కార్బొరేటర్ గిన్నెలోనూ అడుగున దిగిన నీళ్ల పొరను పారబోస్తాడు. ట్యాంకు నుంచి గొట్టం మొదలయ్యేదీ అడుగునే కాబట్టి ఇంజను ముందు పీల్చేది ఆ పొరనే. అది తీసేశాక పైన మిగిలిన పెట్రోలుతో బండి స్టార్టవుతుంది, గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం ఠకఠకలాడుతుంది. ఇథనాల్ తెచ్చిన ఆక్టేన్ కూడా ఆ నీళ్లతోనే కాలవలోకి పోయింది మరి.