ఆకులు రాలే కాలంలో హాలోవీన్ సరదాలు

మన పాఠకుల్లో చాలామందికి పిల్లలు, మనవలు అమెరికాలో ఉన్నారు. అక్టోబరులో అక్కడికి వెళ్లే పెద్దల కోసం, అక్కడే ఉంటూ స్నేహితులతో పండుగ చేసుకునే కుటుంబాల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఈ కాలంలో ఉత్తర రాష్ట్రాల్లో చెట్ల ఆకులు ఎరుపు, పసుపు రంగులు తిరిగి రాలుతుంటాయి. చలి ఇంకా ముదరదు. రెండు మూడు కుటుంబాలు కలిసి ఆపిల్ తోటకు వెళ్లి పళ్లు స్వయంగా కోసుకోవచ్చు. మొక్కజొన్న చేలో కావాలని వేసిన చిక్కుదారుల్లో తప్పిపోయి నవ్వుకోవచ్చు. ఇంటిల్లిపాదికీ ఇది మంచి నడక కూడా.

గుమ్మడికాయ దీపం

ఐర్లండులో ఒకప్పుడు దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. అక్కడి నుంచి వలస వచ్చినవారు అమెరికాలో గుమ్మడికాయను వాడుకున్నారు. కాయ మీద ముఖం గీయడం, గరిటెతో గింజలు తీయడం పిల్లలకు అప్పగించండి. కత్తి మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి. కొవ్వొత్తికి బదులు బ్యాటరీ దీపం పెడితే వేషాల బట్టలకు నిప్పంటుకునే భయం ఉండదు. గింజలు కడిగి, ఆరబెట్టి, కాస్త నూనె, ఉప్పు పట్టించి వేయిస్తే మంచి చిరుతిండి.

అసలు భయం దేనికి?

అక్టోబరు 31, సకల పరిశుద్ధుల దినానికి ముందు రోజు. ఆ సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు వెళతారు. అయితే భయపడవలసింది దయ్యాలకు కాదు, కార్లకు. 1975 నుంచి 2016 వరకు అమెరికా ప్రమాదాల లెక్కలను పరిశోధకులు పరిశీలించారు. ముందూ వెనుకా వారాల్లోని అదే రోజు సాయంత్రాలతో పోలిస్తే, హాలోవీన్ సాయంత్రం పాదచారులు వాహనాల కింద పడి చనిపోయే ప్రమాదం 43 శాతం ఎక్కువని తేలింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు అది దాదాపు పది రెట్లు.

కాబట్టి:

• చిన్నపిల్లల వెంట పెద్దలు ఒకరు తప్పక నడవాలి.
• ప్రతి బిడ్డ చేతిలో టార్చి, బట్టల మీద వెలుతురు పడితే మెరిసే టేపు ఉండాలి.
• కళ్లకు అడ్డుపడే మాస్కు వద్దు. ముఖానికి రంగు చాలు.
• కారు నడిపేవారు ఆ సాయంత్రం వీధుల్లో బాగా నెమ్మదిగా వెళ్లాలి.

నాలుగేళ్లలోపు పిల్లలకు గట్టి మిఠాయిలు, పల్లీలు, బాదం వంటి గింజలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. పల్లీలు పడని పిల్లలుంటే పొట్లం మీద రాసింది చదివాకే తిననివ్వండి. గుమ్మం ముందు నీలి ఆకుపచ్చ గుమ్మడికాయ కనిపిస్తే, ఆ ఇంట్లో తినుబండారాలు కాకుండా చిన్న బొమ్మలు కూడా ఇస్తారని అర్థం.

అందరూ క్షేమంగా ఇల్లు చేరాక, తెచ్చిన మిఠాయిలు నేల మీద పోసి పంచుకోండి. పడుకునే ముందు పళ్లు తోమించడం మరువకండి!